కూసున్న బండి

విక్కీ ఏ బండిని చూడబోయినా ముందు మీటరు వైపు కన్నెత్తి చూడడు. గొంతుక్కూర్చుని బండి కాళ్ళు చూస్తాడు. కాళ్ళంటే చక్రాలు కావు, తోలే మనిషి కాలు ఆనే చోట్లు. బ్రేకు మీది రబ్బరు, గేరు రబ్బరు, పాదం పెట్టుకునే కడ్డీకి తొడిగిన రబ్బరు. తర్వాత లేచి హ్యాండిలు పిడులు నలుపుతాడు, సీటును అరచేత్తో నొక్కుతాడు, తాళం దూర్చే కంతలోకి ఫోను లైటు వేసి గొంతునొప్పి పిల్లాడి నోట్లోకి చూసినట్టు చూస్తాడు. అంతా అయ్యాక, బండి కొనాల్సిన దోస్తు శివరాంను పక్కకు లాక్కెళ్ళి మరాఠీలో తీర్పు చెబుతాడు. ఆ తీర్పు ఎప్పుడూ ఒకటే. ఇందులో ఝోల్ ఉంది, అంటే మోసం ఉంది, వద్దు.

"మీటర్ ఎవడైన తిప్పుతడు రా. అరిగిన రబ్బర్‌ను ఎవడు తిప్పుతడు?" అంటాడు, తనే కనిపెట్టిన సంగతిలాగా. కనిపెట్టింది తనేం కాదు. ఫోరస్ రోడ్డులో సెల్‌ఫోన్ కవర్లమ్మే కొట్లో కూర్చుని గిరాకీ లేనప్పుడల్లా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు.

శివరాంకు మొదట్లో ఈ పద్ధతి బాగానే ఉందనిపించింది. భాయ్‌ఖలాలో ఒక బండి చూశారు, ఝోల్. మజ్‌గావ్‌లో చూశారు, ఝోల్. ఒక టీచరమ్మ తన స్కూటరును బిడ్డలా చూసుకున్నానని కళ్ళనీళ్ళు పెట్టుకుని చూపిస్తే దాంట్లోనూ ఝోలే. తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి గానీ బండి మాత్రం ఇంటికి రాలేదు. నెలాఖరు దగ్గరపడేసరికి శివరాం తల ప్రాణం తోకకొచ్చింది.

అతనికి బండి మీద మోజేం లేదు. రక్తపరీక్షల ల్యాబులో పని. పొద్దున్నే ఇళ్ళకు వెళ్ళి, పరగడుపున కూర్చున్నవాళ్ళ రక్తం తీసి, గొట్టాలను చల్లటి డబ్బాలో పెట్టుకుని ల్యాబుకు చేర్చాలి. ఇన్నాళ్ళూ బస్సుల్లో, లోకల్ రైళ్ళలో వేలాడుతూ నెట్టుకొచ్చాడు. ఇప్పుడు పైనుంచి మాట వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి సొంత బండి ఉన్నవాళ్ళకే పని, లేనివాళ్ళకు దండం. కొత్త బండి కొనే తాహతు లేదు. ఉన్న డబ్బు ఒక్క పాత బండికి సరిపోతుంది, ఒక్కసారికి. అది తప్పు బండి అయితే బండీ పోతుంది, పనీ పోతుంది. అందుకే విక్కీ ప్రతి బండినీ వద్దంటుంటే ఒళ్ళు మండినా, కాదని ముందుకు వెళ్ళే ధైర్యం లేకపోయింది.

అలాంటప్పుడు నీత ఒక మాట చెప్పింది. నీత శివరాం భార్య. వర్లిలో చాల్‌లో, అంటే వరసగదుల ఇళ్ళల్లో, ఉండే బుచ్చన్న ఆమె తల్లికి తమ్ముడి వరస. ఆ ఇంట్లో బండి ఒకటి అమ్మకానికి ఉందట, కొడుకు మంగేష్‌దట. బయటివాళ్ళ దగ్గర మోసపోయేకంటే మనవాళ్ళ దగ్గర కొనుక్కోరాదా అంది. శివరాంకూ అది సబబే అనిపించింది. తనొక్కడే వెళ్తే బాగుండేది. విక్కీని వెంటబెట్టుకెళ్ళాడు.

బుచ్చన్న బిల్డింగుల దగ్గర సెంట్రింగు పని చేసి చేసి, మోకాళ్ళు అరిగాక మానుకున్న మనిషి. అల్లుడు వస్తున్నాడని తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. చాల్ ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. వాటికెదురుగా బండి. సబ్బుతో కడిగి, ట్యాంకు మీద కుంకుమ బొట్టు పెట్టి, హ్యాండిలుకు బంతిపూల దండ వేసి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టు నిలబెట్టారు. చాల్‌లో వాళ్ళంతా చుట్టూ నిలబడి ఉన్నారు. ముసలివాళ్ళు కూడా ఎందుకో నిలబడే ఉన్నారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, బండి వైపు అదోలా చూస్తూ. శివరాంకు అప్పుడది వింతగా తోచలేదు. చాల్‌కు కొత్త మనిషి వస్తే గుమిగూడడం ఎక్కడైనా ఉన్నదే.

మీటరు పద్నాలుగు వేల చిల్లర చూపిస్తోంది. బండి వయసు తొమ్మిదేళ్ళు. శివరాం గుండెలో ఆశ ఒకటి లేచి కూర్చుంది. విక్కీ గొంతుక్కూర్చున్నాడు, ఆ ఆశ మళ్ళీ పడుకుంది.

బ్రేకు రబ్బరు చివరికొచ్చిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది. పాదాల కడ్డీల రబ్బర్లు ఒకవైపుకు కరిగినట్టు అరిగాయి. గేరు రబ్బరు అసలు లేదు. పిడుల మీది గీతలు పోయి చెయ్యి జారుతోంది. ట్యాంకుకు అటూ ఇటూ తొడలు ఆనేచోట నల్లరంగు లేచిపోయి రేకు కనిపిస్తోంది. సీటు నడుమ పాత నులకమంచంలా కుంగింది. ఒక అద్దం లోపలికి తిరిగి ఉంది. విక్కీ ఒక్కొక్కటీ వేలితో తాకుతూ పోతుంటే వాడి మొహం వెలిగిపోతోంది. ఇంత ఝోల్ ఉన్న బండి వాడికి ఇంతవరకు దొరకలేదు. టైర్ల మీద గళ్ళు బాగానే ఉన్నాయని శివరాం గొణిగితే, టైర్లు మార్చి ఉంటారు, నీకేం తెలుసని నోరు మూయించాడు. ఎనభై వేలు తిరిగిన బండిది, తక్కువైతే నా మీసం తీసేస్తానన్నాడు. వాడికి మీసం లేదు.

శివరాం కుర్చీ అంచున కూర్చున్నాడు. వరసకు మామ. ఎలా అడగాలో తోచక, మర్యాదగానే మొదలుపెట్టాడు.

"మామా, మీటర్ అస్సలేనా?"

"అస్సల్ కాకుంటె ఏముంటది అల్లుడా?" అన్నాడు బుచ్చన్న. "మంగేష్ కొన్నంక ఒక ఏడాదో ఏడాదిన్నరో నడిపిండు. పన్వేల్ల నౌక్రి దొరికె, లోకల్ల పోవట్టె. ఇంక బండి నడ్వనే లే."

"మరి గింతగనం ఎట్ల అరిగింది?"

బుచ్చన్న నవ్వాడు. ఇందులో దాచేదేముంది అన్నట్టు, చుట్టూ నిలబడ్డవాళ్ళను చెయ్యి తిప్పి చూపించాడు.

"కూసున్నరు గద. చాల్‌ల చిన్న పెద్ద అందరు దీని మీద కూసున్నోల్లే. నేను గూడ కూసుంట. మాపటీలికైతె జాగ దొరకది."

ఇక్కడ శివరాం చెవి గురించి కొంచెం చెప్పాలి. అతను కామాటిపుర గల్లీలో పుట్టాడు. తాత పాలమూరు నుంచి తట్టాపారా పట్టుకుని వచ్చినవాడు. ఆ తాత మాట్లాడిన తెలుగులో సగం శివరాం దాకా వచ్చింది, మిగతా సగం మరాఠీ తినేసింది. కోపం మరాఠీలో, బేరం హిందీలో, పెద్దవాళ్ళ దగ్గర మాత్రం తెలుగు. దోస్తు బండి స్టార్టు చేసి "గాడీవర్ బస్" అంటే ఎక్కు, పోదాం అని. దాన్నే వీళ్ళు గల్లీలో "బండి మీద కూసో" అని తెలుగు చేసుకున్నారు. బండి మీద కూర్చోవడమంటే శివరాం లెక్కలో బండి కదలడమే. కదలని బండి మీద మనిషి ఎందుకు కూర్చుంటాడు?

కాబట్టి బుచ్చన్న మాట అతనికిలా వినబడింది. కొడుకు నడపలేదు, నిజమే. చాల్ మొత్తం రోజూ తీసుకెళ్ళి తిప్పింది. సాయంత్రమైతే వంతు దొరకదు.

విక్కీకీ అలాగే వినబడింది. వాడు శివరాం భుజాన్ని మోచేత్తో పొడిచాడు. బండిగలాయనే నోరు జారాడు, ఇంకేం కావాలి అని ఆ పోటుకు అర్థం.

నెలరోజుల అలసట, ఆ మోచేతి పోటు, ఎదురుగా పూలదండ వేసుకుని కూర్చున్న అబద్ధం. అన్నీ కలిసి శివరాంకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రోజు అందరు కూసుంటె మీటర్ పద్నాలుగు వేలల్ల ఎట్ల ఆగింది మామా? ఎవరు తిప్పిండ్రు?"

చాయ్ కప్పులు పట్టుకుని వస్తున్న రత్నాబాయి మధ్యలోనే ఆగిపోయింది. బుచ్చన్న భార్య ఆమె. బుచ్చన్నకు మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తెల్ల చొక్కా గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతూ ఉండిపోయాడు. రత్నాబాయే కప్పు శివరాం చేతికి ఇచ్చింది.

"మా ఇంట్ల తిప్పేటోల్లు లేరు. చాయ్ తాగి పో," అంది. ఆ మాటలో అల్లుడా అన్న పిలుపు లేదు.

చాయ్ సగం తాగి వచ్చేశారు. దారి పొడవునా విక్కీ తన గెలుపు గురించి చెబుతూనే ఉన్నాడు.

ఇంట్లో నీత మూతి ముడుచుకుంది. మామను పదిమందిలో దొంగను చేసి వచ్చావంది. దొంగను దొంగ అనక ఏమనాలని శివరాం అరిచాడు. అరుపు పూర్తయ్యాక కూడా లోపలేదో గుచ్చుతూనే ఉంది, దాన్ని అటుపక్కకు నెట్టేశాడు. ఒకటో తారీఖు ముంచుకొస్తోంది.

బండి చివరికి గ్రాంట్ రోడ్ స్టేషను దగ్గర సందులో దొరికింది. నిలేష్ అనేవాడి పాతబండ్ల దుకాణం. మీటరు ఇరవై రెండు వేలు. విక్కీ గొంతుక్కూర్చున్నాడు. లేచి నిలబడ్డాక వాడి కళ్ళల్లో శివరాం ఎన్నడూ చూడని భక్తి కనిపించింది. బ్రేకు రబ్బరు మీద గళ్ళు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. పిడులు గరుకుగా, చేతికి పట్టుగా ఉన్నాయి. సీటు మద్దెల చర్మంలా బిగువుగా ఉంది. ఇది అస్సల్ అన్నాడు విక్కీ. నిలేష్ మాత్రం మీటరు గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. రబ్బర్లు చూస్తున్న విక్కీని చూసి నవ్వుకుంటూ గల్లాపెట్టె మీద ఈగలు తోలుకున్నాడు. ఉన్న డబ్బంతా ఆ పెట్టెలోకి పోయింది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. అంటే, శివరాం బాగానే నడుస్తోందని తనకు తాను చెప్పుకున్నాడు. సిగ్నలు దగ్గర ఆగితే వెనకనుంచి తెల్లటి పొగ వచ్చేది. చలికి అనుకున్నాడు, ముంబైలో చలి ఎక్కడుందని నీత అడిగింది. ఇంజనాయిలు పోసింది పోసినట్టే మాయమయ్యేది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ముసలాయన మెట్లెక్కినట్టు రొప్పేది.

వాన పడుతున్న ఒక పొద్దున, ప్రభాదేవిలో ఒక పెద్దావిడ దగ్గర రక్తం తీసుకుని బయలుదేరాడు. ఆవిడ రాత్రి ఏడింటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నరం దొరక్క రెండుసార్లు గుచ్చాల్సివచ్చింది, అప్పటికే సణిగింది. ఫ్లైఓవరు సగంలో ఇంజను దగ్గి ఆగిపోయింది. కిక్కు కొట్టాడు. కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. వెనక కార్లవాళ్ళు హారన్లతో తిట్టారు. ఆపుకోలేని కోపంతో గట్టిగా ఒక కిక్కు కొట్టేసరికి రెండో కాలు పాదం కడ్డీ మీదనుంచి జర్రున జారింది. కిందికి చూస్తే రబ్బరు కడ్డీకి లేదు, చెప్పు కింద ఉంది. రబ్బరు ఊడిన చోట ఇనుము అరిగి అరిగి కత్తిపీట అంచులా మెరుస్తోంది.

శివరాం వానలో గొంతుక్కూర్చున్నాడు, అచ్చం విక్కీలాగా. బ్రేకు రబ్బరును పట్టుకుని లాగాడు. అరటితొక్కలా వచ్చేసింది. దాని కిందా అంతే. సీటు కవరు అంచు వేలితో ఎత్తి చూశాడు. కొత్త తోలు కింద పాత తోలు పీలికలు. అన్నీ కొత్తగా తొడిగినవే. మీటరు ఇరవై రెండు వేలంటోంది, బండి ఒళ్ళేమో ఎన్నిసార్లు ముంబై చుట్టి వచ్చిందో అంటోంది.

బండిని తోసుకుంటూ ల్యాబుకు చేరేసరికి డబ్బాలో మంచు కరిగిపోయి గొట్టాలు వెచ్చబడ్డాయి. పెద్దావిడ మళ్ళీ పస్తుండాలి, మళ్ళీ గుచ్చించుకోవాలి. ఆవిడ ఫోన్లో తిట్టిన తిట్లు శివరాం విన్నాడు, సూపర్‌వైజరు దర్శన కూడా విన్నది. దర్శన అరవలేదు. ఇంకోసారి ఇలా అయితే ఈ రూటు వేరేవాళ్ళకు ఇస్తానని మాత్రం చెప్పి, తన పని తను చూసుకుంది.

నిలేష్ దగ్గరికి వెళ్తే వాడు ఇంకా నింపాదిగా ఉన్నాడు. మీటరు సంగతి నేనేమైనా చెప్పానా, నువ్వేమైనా అడిగావా అన్నాడు హిందీలో. నీ దోస్తు రబ్బర్లు చూశాడు, రబ్బర్లు మంచివే కదా. ఈమధ్య వచ్చేవాళ్ళంతా అవే చూస్తున్నారు, అందుకే అవే మారుస్తున్నాం. చెయ్యెత్తబోయిన శివరాం, దుకాణంలో పనివాళ్ళు లేచి నిలబడడం చూసి దించుకున్నాడు.

బయటికి రాగానే విక్కీ ఫోను. కొత్త వీడియో చూశాడట. రబ్బర్లు కాదట, టైరు చూడాలట. టైరు పక్కన నాలుగంకెల అచ్చు ఉంటుందట. మొదటి రెండూ వారం, చివరి రెండూ అది తయారైన ఏడు. కంపెనీ వేసిన మొదటి టైరే ఇంకా గళ్ళతో ఉంటే ఆ బండి నిజంగా తక్కువ తిరిగినట్టేనట. శివరాం ఫోను పెట్టేశాడు. ఏదైనా అంటే ఆ దోస్తీ ఆ సందులోనే ముగిసిపోయేది.

ఆ సాయంత్రం నీత మళ్ళీ వర్లి మాట ఎత్తింది. మంగేష్ బండి ఇంకా అక్కడే ఉందట.

"నువ్వన్న మాట చాల్ దాటి వర్లి అంత తిరిగింది. తిప్పిన బండి అని ఎవరు కొంటలేరు. పొయ్యి మామ కాళ్ళు పట్టుకుంటవో అత్త కాళ్ళు పట్టుకుంటవో నీ ఇష్టం. నాకైతె రేపు పొద్దుగాల నువ్వు పనికి పోవుడు కావాలె," అంది.

పట్టుకోవడానికి ఇంకేమీ లేదు కాబట్టి శివరాం వెళ్ళాడు. చాల్ సందు మలుపు దగ్గరే అతని బండి మళ్ళీ ఆగిపోయింది. తోసుకుంటూ వచ్చాడు. అందువల్ల అతని రాక ఎవరికీ వినబడలేదు. చాల్ ముందు రోజూ ఉండేది రోజూ ఉన్నట్టే ఉంది. ఎవరూ తెల్లచొక్కా తొడుక్కోలేదు, ఎవరినీ లేపి నిలబెట్టలేదు.

నల్లబండి సీటు మీద బుచ్చన్న బనీనుతో కూర్చున్నాడు. ఏదో ఆలోచిస్తూ కుడిపాదంతో బ్రేకును నొక్కుతున్నాడు, వదులుతున్నాడు, నొక్కుతున్నాడు. ఆ నొక్కుడుకు అర్థం లేదు, ఊయల ఊపినట్టు. అతని వెనక, ఎదిరింటి యాదయ్య రెండు కాళ్ళూ కడ్డీ మీద ఒకేవైపు పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. యాదయ్య కూడా పాలమూరు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ముసలివాడైన మనిషి. ట్యాంకు మీద అటో కాలూ ఇటో కాలూ వేసుకుని ఒక పిల్ల, నోటితో బుర్రుమంటూ పిడిని తిప్పి తిప్పి చంపుతోంది, మడమతో గేరును తంతోంది. రత్నాబాయి సీటు తోక మీద ఒక తుంటి మోపి, ఒళ్ళో చేటతో గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. జాగ దొరక్క మరొకతను పక్కన నిలబడి, లోపలికి తిప్పిన అద్దంలో తల దువ్వుకుంటున్నాడు.

బండి ఎక్కడికీ పోవడం లేదు. ఏడెనిమిదేళ్ళుగా ఎక్కడికీ పోలేదు.

శివరాం తన బండికి స్టాండు వేసి అక్కడే నిలబడిపోయాడు. కూసున్నరు గద. చిన్న పెద్ద అందరు. మాపటీలికి జాగ దొరకది. ఆ మాటలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చి చెంప మీద కొట్టాయి. ఆ రోజు వీళ్ళంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎందుకు నిలబడ్డారో ఇప్పుడు అర్థమైంది. అల్లుడొస్తున్నాడని బుచ్చన్న అందరినీ లేపేశాడు. మర్యాద చేయబోయి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ కడిగేశాడు.

వెళ్ళి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. టైరు మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. అంకెలు కనిపించాయి. బండి పుట్టిన ఏడే టైరు పుట్టిన ఏడు. గళ్ళు ఇంకా లోతుగా ఉన్నాయి. వెనక టైరు చూడాలంటే రత్నాబాయి కాలు అడ్డం. ఆమె కాలు ఎత్తలేదు.

"మల్ల కాళ్ళు చూడవట్టినవా?" అంది చిక్కుడు ఈనె లాగుతూ. "చూసుడైతె చెప్పు, లేస్తం."

శివరాం లేచి నిలబడ్డాడు. తప్పు ఒప్పుకునే మాట అలవాటు కొద్దీ మరాఠీలో మొదలైంది. రత్నాబాయి చెయ్యెత్తి ఆపింది.

"తెలుగుల చెప్పు. ఆ మాట అన్నది తెలుగులనే గద."

అతను తెలుగు కోసం వెతుక్కున్నాడు. ఉన్న కొంచెంలో ఇంత పెద్ద మాట ఎక్కడా కనబడలేదు. దొరికింది దొరికినట్టు చెప్పేశాడు.

"అత్తా, నేను కూసునుడంటె తోలుడనుకున్న."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది యాదయ్యకు. బీడీ పొగ అడ్డంపడి దగ్గాడు, దగ్గులోంచి నవ్వాడు.

"కూసునుడంటె తోలుడా? అయితె నేను ఏడెనిమిదేండ్ల సంది లైసెన్స్ లేకుండ తోలుతున్ననే బుచ్చన్నా."

చాల్ అంతా నవ్వింది. పై అంతస్తు వరండాలో ఉన్నవాళ్ళు ఏమైందని కిందికి వంగి అడిగితే వాళ్ళకూ చెప్పి, మళ్ళీ నవ్వారు. శివరాం చెవులు కాలిపోయాయి. నవ్వనిది బుచ్చన్న ఒక్కడే. ఆయన పాదం బ్రేకు మీద ఆగిపోయింది.

"అమ్ముడు పోలే అల్లుడా," అన్నాడు మెల్లగా. "ఎవలొచ్చినా మీటర్ తిప్పిండ్రంట గద అని అడుగుడే."

"అడగరా మరి?" అంది రత్నాబాయి. "బండి చూడ ఎవలన్న వస్తె ఈ యాదయ్యనే ఎదురు పొయ్యి చెప్తడు. సొంత అల్లుడే తిప్పిన బండి అన్నడని."

"అన్నదే చెప్పిన, అననిది చెప్పిన్నా?" అన్నాడు యాదయ్య ఏమాత్రం సిగ్గుపడకుండా. "బండి పోతె మేమేడ కూసోవాలె?"

చాల్‌కు కావలసింది అదే. శివరాం నోటి మాట వాళ్ళకు అరుగును కాపాడే కుక్కలా పనికొచ్చింది. అది తెలిసి అతనికి ఏడవాలో కోప్పడాలో తెలియలేదు. ఆ మాట వల్లే తను ఎందుకూ పనికిరాని బండి కొన్నాడు. ఆ మాట వల్లే ఈ బండి ఇంకా ఇక్కడ ఉంది.

ఉన్న సంగతంతా చెప్పాడు. రబ్బర్లు, ఫ్లైఓవరు, పెద్దావిడ, దర్శన. రేపు పొద్దున మళ్ళీ బండి ఆగితే పని ఉండదని కూడా చెప్పాడు. చేతిలో ఇక ఏమీ లేదని చెబుతున్నప్పుడు మాత్రం గొంతు మరాఠీలోకి జారిపోయింది, ఈసారి రత్నాబాయి ఆపలేదు.

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. శివరాం బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఊడిన రబ్బరు చోటు చూసింది. సీటు మీద చరిచింది.

"ఇది ఎట్లన్న నడ్వదు గద. ఇక్కడ పెట్టు. మావోల్లకు కూసునేతందుకైతది. మాది తీస్కపో. కాయిదాలు, పైసలు మంగేష్ వచ్చినంక మాట్లాడుకుందం."

యాదయ్య ఒప్పుకోలేదు. ఇంత తొందరగా ఒప్పుకుంటే ఎలా అని, వెళ్ళి శివరాం బండి ఎక్కి కూర్చున్నాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు, మొహం చిట్లించాడు. సీటు గట్టిగా ఉందన్నాడు. పాదం పెడితే మిగిలిన రబ్బరు కూడా ఊడి కింద పడింది. దాన్ని ఏరి అందరికీ చూపించాడు, దీంట్లో ఝోల్ ఉందని. విక్కీ మాట ఇక్కడిదాకా ఎలా వచ్చిందో శివరాంకు అర్థం కాలేదు. ఇద్దరు ముగ్గురు పోయి వాళ్ళూ కూర్చుని చూశారు. ఆ పిల్ల పిడిని తిప్పి, ఇది తిరగట్లేదని ఏడుపు మొహం పెట్టింది. తన బండిని వీళ్ళు కాళ్ళూ చేతులూ పట్టి చూస్తుంటే శివరాం పక్కన నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా.

బుచ్చన్న నల్లబండి దిగాడు. దిగడానికి మోకాళ్ళు ఒప్పుకోక శివరాం భుజం పట్టుకున్నాడు, దిగాక కూడా కొంచెంసేపు వదల్లేదు. తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

కూర్చున్న బండి అంత తేలిగ్గా లేవదు. చాల్ మొత్తం సలహాలు చెబుతుండగా శివరాం చెమటలు కక్కుతూ కిక్కు కొట్టాడు. చోక్ లాగమని ఒకరు, లాగొద్దని ఒకరు. చివరికి బండి తుమ్మి, దగ్గి, మేలుకుంది. పొగ లేదు. శబ్దం సన్నగా, ఒకటే తీరుగా వచ్చింది, కొత్త కుట్టుమిషను నడిచినట్టు. శివరాం ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు. ఇది రెండు నెలల కిందటే తన చేతికి రావలసిన చప్పుడు. అప్పుడు వచ్చి ఉంటే డబ్బు ఉండేది, పేరు ఉండేది, సూది పోట్లకు ఆ పెద్దావిడ చెయ్యి నల్లబడేది కాదు.

వెళ్తానని తల ఊపేసరికి సీటు కుంగింది. రత్నాబాయి వెనక ఎక్కి కూర్చుంది, కొంగు నడుముకు చెక్కుకుని.

"ఎటు అత్తా?"

"ఎటనో ఒకటి. ఇన్నేండ్ల సంది కూసుంటున్న దీని మీద. ఇది ఇంచు కదిలితె ఒట్టు. ఒక చక్కర్ తిప్పు. తిప్పుడంటె ఏందో నేను గూడ చూస్త."

అతను గేరు వేశాడు. అలవాటు లేని కదలికకు ఆమె అతని భుజాన్ని గోళ్ళు దిగేలా పట్టుకుంది. సందు దాటి రోడ్డెక్కేలోపు మీటరులో చివరి అంకె నెమ్మదిగా లేచి, పక్కకు ఒరిగి, కొత్త అంకెకు చోటిచ్చింది. వెనక నుంచి బస్సు హారను కొట్టింది. శివరాం అద్దంలో చూశాడు. రోడ్డు లేదు, తన మొహమే ఉంది. తిట్టుకుంటూ అద్దాన్ని బయటికి తిప్పబోయాడు.

"దాన్ని తిప్పకు," అంది రత్నాబాయి చెవి దగ్గర. "ఇంటికి పోంగనె ఊడదీసి ఇచ్చి పో. మీ మామకు గడ్డం గీసుకునేతందుకు కావాలె."